అంతరంగ ఋణం: ఫిలిప్పీన్ ప్రజల సంఘనీతి

శకవర్షం 822, వైశాఖ బహుళ చవితి, సోమవారం. తెలుగువారి ఇంటి పంచాంగంలో నుండి తీసినట్లున్న ఈ తిథివారాల లెక్క మన దేశపు శాసనంలోనిది కాదు. ఫిలిప్పీన్ దేశంలో, లుజోన్ ద్వీపంలోని లగూనా సరస్సు చెంత, లుంబాన్ నదీముఖం దగ్గర, 1989లో ఇసుక త్రవ్వేవారికి దొరికిన ఒక రాగిరేకు మీదిది. క్రీస్తుశకంలో అది 900వ సంవత్సరం ఏప్రిల్ 21వ తేదీ. దక్షిణ భారతపు పల్లవ లిపి సంతతిలోనిదైన కావి లిపిలో, ప్రాచీన మలయ భాషలో, సంస్కృత పదాలు మెండుగా కలిపి వ్రాసిన పత్రం అది. ఆ ద్వీపాలలో ఇంతవరకు దొరికిన తేదీ గల లేఖనాలలో అదే మొదటిది. దానిని చదివి లోకానికి అందించినవారు ఆంటూన్ పోస్ట్‌మా అనే డచ్చి పండితులు.

ఇంత ప్రాచీనమైన శాసనంలో రాజుల దండయాత్రలు గాని, దేవాలయాలకు ఇచ్చిన మాన్యాలు గాని ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. అందులో ఉన్నది ఒక అప్పు సంగతి. నమ్వరాన్ అనే పెద్దమనిషి ఒక కాటి, ఎనిమిది సువర్ణాల బంగారం బాకీపడినాడు. ఆ బాకీ పూర్తిగా చెల్లినట్లే భావించవలెనని, అతని కుమార్తె అంగకాతన్‌కూ, ఆమె తోడబుట్టిన బూకాకూ, వారి సంతతికీ ఇకమీదట ఈ ఋణభారం లేదని తుందున్ అధిపతి పక్షాన ఇచ్చిన విడుదల పత్రమది. నమ్వరాన్ ఇంకా బాకీ ఉన్నాడని రానున్న కాలంలో ఎవరైనా అంటే వారికి చూపించడానికే ఆ రాగిరేకు.

ఫిలిప్పీన్ ప్రజల చరిత్ర మనకు తెలిసినంతవరకు ఒక ఋణవిమోచనంతో మొదలు కావడం కాకతాళీయమే. అయినా ఆ ప్రజల సంఘనీతిని అర్థం చేసుకొనగోరేవారికి అంతకంటె తగిన ప్రారంభం దొరకదు. ఏలననగా ఆ నీతికి మూలస్తంభమైన మాట కూడ ఋణమే. అయితే అది బంగారంతో కొలిచే ఋణం కాదు; ఏ అధిపతీ రాగిరేకు మీద కొట్టివేయలేని ఋణం.

లోపలి అప్పు

ఫిలిప్పీన్ దేశం ఏడువేల ఆరువందలకు పైగా ద్వీపాల సముదాయం. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం దాదాపు 11 కోట్లు. భాషలు వందకు మించినవి. 1565 నుండి 1898 వరకు స్పెయిన్ దేశం, ఆ పిదప అమెరికా, నడుమ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జపాను ఆ దేశాన్ని ఏలినవి. 1946 జూలై 4న స్వాతంత్ర్యం వచ్చినది. స్పెయిన్ పాలన నుండి కతోలిక మతమూ, అమెరికా పాలన నుండి ఇంగ్లీషు చదువూ ఆ ప్రజలకు సంక్రమించినవి. ఇన్ని పొరల క్రింద కూడ వారి దేశభాషలలోని కొన్ని మాటలు చెక్కుచెదరక నిలిచినవి. తగలోగ్ భాషలోని ‘ఉతాంగ్ న లోఓబ్’ అట్టి మాట.

‘ఉతాంగ్’ అంటే అప్పు. ‘లోఓబ్’ అంటే లోపలి భాగం. ఇంటి లోపల అన్నప్పుడూ అదే మాట, మనిషి అంతరంగం అన్నప్పుడూ అదే మాట. ధైర్యాన్ని వారు లోపలి బలం అంటారు. మనస్తాపాన్ని లోపలి చెడు అంటారు. అడగకుండానే, ప్రతిఫలం కోరకుండానే మేలు చేసే గుణాన్ని లోపలి అందం అంటారు. ఆ లోపలి అందంతో ఒకరు చేసిన మేలు వలన మరొకరి లోపల పుట్టేది ‘ఉతాంగ్ న లోఓబ్’. దానిని అంతరంగ ఋణం అనవచ్చును.

ప్రాణం నిలిపిన వైద్యునికి, పురుడు పోసిన మంత్రసానికి, చదువు చెప్పిన గురువుకు, కష్టకాలంలో తోడు నిలిచిన పొరుగువానికి మనిషి ఈ విధంగా ఋణపడతాడు. తల్లికి పడిన ఋణం అన్నింటికంటె పెద్దది. అది తీరేది కాదని అందరికీ తెలుసు. ఇక్కడ ఇచ్చినది ఎంత, పుచ్చుకొన్నది ఎంత అన్న లెక్క లేదు. చేసిన మేలుకు వెంటనే పైకమిచ్చి చెల్లు పెట్టుకొనబోవడం అవమానించడమే అవుతుంది. కాలం వచ్చినప్పుడు, అవతలివారికి అవసరం కలిగినప్పుడు, తనకు చేతనైన రీతిలో నిలబడటమే దానిని గౌరవించే పద్ధతి. ఈ ఋణాన్ని మరచినవానిని అంతరంగ ఋణం లేనివాడు అంటారు. ఆ సమాజంలో అంతకు మించిన నింద అరుదు.

తెలుగువారికి ఈ భావం క్రొత్త కాదు. ‘ఋణానుబంధం’ అన్నది మన ఇళ్ళలో నిత్యం వినబడే మాట. ‘ఈ జన్మకు మీ ఋణం తీర్చుకోలేను’ అని చదువురానివారు కూడ అంటారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు ఋణాలతో మనిషి పుడతాడని మన ప్రాచీనులు చెప్పినారు. అయితే మన శాస్త్రకారులు ఆ మూటినీ తీర్చే మార్గాలు కూడ విధించినారు: యజ్ఞంతో మొదటిది, అధ్యయనంతో రెండవది, సంతానంతో మూడవది తీరుతుంది. ఫిలిప్పీన్ సంప్రదాయంలో అట్టి చెల్లుచీటీ లేదు. ఒకరు తీర్చబోయిన మేలు అవతలివారిలో మరొక ఋణాన్ని పుట్టిస్తుంది. ఆ విధంగా రెండు కుటుంబాల నడుమ రాకపోకలు తరతరాలు సాగుతాయి. అప్పు తీరిపోవడమంటే చుట్టరికం తెగిపోవడమే.

సరస్సులో ఒక పడవ

ఈ ఋణానికి గల బలాన్నీ, అది మనిషిని పెట్టే బాధనూ ఆ దేశపు మహారచయిత హోసే రిజాల్ తన మొదటి నవలలో చూపించినారు. రిజాల్ 1861లో అదే లగూనా సరస్సు ఒడ్డున కలంబా అనే ఊరిలో జన్మించినారు. స్పానిష్ భాషలో వ్రాసిన ‘నోలి మే తంగెరె’ 1887లో బెర్లిన్ నగరంలో అచ్చయినది. అచ్చు ఖర్చులకు రిజాల్ దగ్గర డబ్బు లేదు. ఆకలితో రోజులు గడుపుతున్న ఆ యువకునికి మాక్సిమో వియోలా అనే మిత్రుడు 300 పెసోలు ఇవ్వగా రెండువేల ప్రతులు వెలువడినవి. రెండవ నవల ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ 1891లో బెల్జియం దేశపు ఘెంట్ నగరంలో వెలువడినది. దానినీ ఒక మిత్రుని ధనమే ఆదుకొన్నది. ఒక జాతిని మేలుకొలిపిన పుస్తకాలు రెండూ స్నేహితుల ఋణంతో లోకం చూసినవే.

‘నోలి’ నవలలో కథానాయకుడు ఇబార్రా ఐరోపాలో చదివి వచ్చిన ధనికయువకుడు. తన ఊరిలో ఒక పాఠశాల కట్టించవలెనన్నది అతని కల. అతని తండ్రి మతాధికారుల ఆగ్రహానికి గురియై చెరసాలలో మరణించగా, శవానికి సమాధి కూడ దక్కలేదు. దానిని సరస్సులో పడవేసినారు. ఊరి బడిపంతులు ఒకరోజు ఇబార్రాను ఆ సరస్సు ఒడ్డుకు తీసుకొనిపోయి ఆ చోటు చూపిస్తాడు. బడిపిల్లల అవసరాలు కనిపెట్టి సాయపడిన ఆ పెద్దమనిషికి తాను చేయగలిగినది శవయాత్ర వెంట నడవడం మాత్రమే అని ఆ పేద ఉపాధ్యాయుని బాధ. నవలలో అది చిన్న ఘట్టం. కాని అంతరంగ ఋణం ధనవంతుల వ్యవహారం కాదనీ, ఏమీ లేనివాడు కూడ నాలుగడుగులు వెంట నడచి దానిని గౌరవించగలడనీ ఆ ఘట్టం చెబుతుంది.

ఆ తరువాత వచ్చేవాడు ఎలియాస్. ఇల్లూ వాకిలీ లేని పడవవాడు. ఒకనాడు సరస్సులో అతడు మొసలితో పెనుగులాడుతుండగా ఇబార్రా నీళ్ళలోకి దూకి అతని ప్రాణం కాపాడినాడు. ఆ క్షణం నుండి ఎలియాస్ ఇబార్రాకు ఋణపడినాడు. పాఠశాల పునాదిరాయి వేసేనాడు ఇబార్రాను చంపడానికి జరిగిన కుట్రను ముందుగా తెలుసుకొని హెచ్చరించినాడు. తరువాత మరొక కుట్రలో ఇబార్రాను ఇరికించబోతున్నారని తెలిసి, ప్రమాదకరమైన కాగితాలను కాల్చివేయడానికి అతని ఇంటికి వచ్చి సాయం చేస్తున్నప్పుడు, పాత పత్రాలలో ఒక పేరు అతని కంటబడినది. అది ఇబార్రా ముత్తాత పేరు. తన తాతగారి మీద గిడ్డంగి తగులబెట్టినాడన్న అబద్ధపు నింద వేసి, కుటుంబం మొత్తాన్ని నాశనం చేసిన వర్తకుడు అతడే. జీవితమంతా ఎవరిని వెదుకుతున్నాడో ఆ వంశంవాడే తన ప్రాణదాత.

ఎలియాస్ చేయి ఒక్క క్షణం ఆయుధం మీదికి పోయినది. మరుక్షణం దానిని విడిచిపెట్టి, పిచ్చివానివలె పరుగెత్తిపోయినాడు. అంతలో ఇబార్రాను ఖైదు చేసినారు. అప్పుడు ఎలియాస్ తిరిగి వచ్చినాడు. చెరసాల నుండి అతనిని తప్పించి, పడవలో గడ్డి క్రింద దాచి సరస్సు మీద తీసుకొనిపోయినాడు. సైనికులు వెంట తరుమగా, వారి తుపాకులను తనవైపు మళ్ళించుకొనడానికి నీటిలోకి దూకినాడు. ఇబార్రా బ్రతికినాడు. గాయపడిన ఎలియాస్ క్రిస్మస్ ముందటి రాత్రి అడవిలో ప్రాణం విడిచినాడు.

పగ కూడ ఒక ఋణమే. వంశం మోసిన పగ ఒకవైపు, తాను స్వయంగా పొందిన ప్రాణభిక్ష మరొకవైపు నిలిచినప్పుడు ఎలియాస్ రెండవదానిని ఎన్నుకొన్నాడు. కాని అది వట్టి ప్రత్యుపకారమైతే, పునాదిరాయి నాడు హెచ్చరించినప్పుడే లెక్క సరిపోయినది. ఆ తరువాత అతనిని నడిపించినది లెక్క కాదు. ఈ దేశానికి అవసరమైన మనిషి ఇతడు అన్న గుర్తింపు. ఋణం అక్కడ ఇద్దరు మనుషుల హద్దు దాటి దేశం వరకు విస్తరించినది. రిజాల్‌ను స్పానిష్ ప్రభుత్వం 1896 డిసెంబరు 30న మనీలాలో కాల్చి చంపినది. ఆ నవలలు రెండూ విద్యాలయాలలో తప్పనిసరిగా బోధించవలెనని 1956లో ఫిలిప్పీన్ శాసనసభ చట్టం చేసినది. మతాధికారుల నుండి తీవ్రమైన వ్యతిరేకత వచ్చినా ఆ చట్టం నిలిచినది.

సిగ్గు అన్న మాటకు ఎన్ని అర్థాలు

1960 ప్రాంతాలలో అమెరికా నుండి వచ్చిన సాంఘిక శాస్త్రవేత్తలు ఈ విలువలను శ్రద్ధగా పరిశీలించినారు. చార్లెస్ కౌట్ 1961లో అంతరంగ ఋణాన్ని గూర్చి వ్రాస్తూ దానిని ఒక విధమైన ఒడంబడిక వ్యవస్థగా వివరించినారు. ఫ్రాంక్ లించ్ అనే జెస్యూట్ పండితులు, నలుగురి ఆమోదం పొందడమూ, ఎవరితోనూ పొరపొచ్చాలు లేకుండా నెగ్గుకొనిరావడమూ ఫిలిప్పీన్ ప్రజల ప్రధాన లక్ష్యాలని అభిప్రాయపడినారు. వారి పరిశ్రమ విలువైనదే. అయితే ఆ రచనలు పాఠ్యగ్రంథాలలోకి ఎక్కి సూత్రాలుగా మారినప్పుడు, ఫిలిప్పీనులు మొగమాటస్థులు, సిగ్గరులు, ఎదురు చెప్పలేనివారు అన్న చిత్రం ఏర్పడినది. ఆ దేశపు విద్యార్థులు తమను గూర్చి తాము ఆ విధంగానే నేర్చుకొన్నారు.

ఈ చిత్రాన్ని ప్రశ్నించినవారిలో ముఖ్యులు విర్జీలియో ఎన్రీకెజ్. 1942లో జన్మించిన ఈయన అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మనశ్శాస్త్రం చదివి, 1971లో డాక్టరేటు పొంది స్వదేశం చేరినారు. పరాయి భాషలోని సంజ్ఞలతో ఒక జాతి మనస్సును కొలవరాదని, ఆ జాతి మాటలలోనే దాని ఆలోచనను వెదకవలెనని వాదించినారు. ఫిలిప్పీన్ విశ్వవిద్యాలయంలో దేశభాషలోనే మనశ్శాస్త్రం బోధించినారు. ‘సికొలొహియాంగ్ పిలిపీనో’ అన్న పేరుతో ఆయన ప్రారంభించిన ఉద్యమానికి 1975లో ఒక జాతీయ సంఘం ఏర్పడినది. 1994లో ఆయన మరణించినా ఆ శాస్త్రశాఖ నేటికీ అక్కడ సజీవంగా ఉన్నది.

ఆ వాదానికి ‘హియ’ అన్న మాట మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో దానిని ఒక్క మాటతో సిగ్గు అని అనువదించి ఊరుకొన్నారు. కాని తగలోగ్ భాషలో ఆ ధాతువుకు ఉపసర్గలు చేరినకొద్దీ అర్థం మారిపోతుంది. ‘మహియాయిన్’ అంటే బిడియస్థుడు. ‘నకకహియ’ అంటే సిగ్గుచేటైన పని. ‘నపహియ’ అంటే నలుగురిలో చిన్నబోవలసి వచ్చిన స్థితి. ‘వలాంగ్ హియ’ అంటే సిగ్గుమాలినవాడు. తెలుగు ఉపాధ్యాయునికి ఇందులో వింత ఏమీ కనబడదు. సిగ్గుపడటం వేరు, సిగ్గుపరచడం వేరు. సిగ్గరి వేరు, సిగ్గుమాలినవాడు వేరు. పెండ్లికూతురి సిగ్గు అందం. లంచగొండికి సిగ్గు లేకపోవడం లోకానికి చేటు. కాబట్టి ‘హియ’ అన్నది పిరికితనం కాదు. తన మర్యాదనూ ఎదుటివాని మర్యాదనూ ఏకకాలంలో కాపాడే వివేకం అది.

స్పెయిన్ పాలనపై తిరుగుబాటు చేసిన ‘కతిపూనన్’ సంఘపు నీతిపత్రమే ఇందుకు సాక్ష్యం. ఆ సంఘాన్ని 1892లో మనీలాలో స్థాపించినవాడు ఆంద్రేస్ బొనిఫాసియో. ఆయన పుట్టినది తోందోలో. రాగిరేకులోని తుందున్ ఆ తోందోయేనని పోస్ట్‌మా గుర్తించినారు. బొనిఫాసియో సహచరుడు ఎమీలియో హసింతో ఆ నీతిపత్రాన్ని కూర్చినప్పుడు ఇరవై యేండ్లు దాటీదాటని యువకుడు. శరీరచ్ఛాయ ఏదైనా మనుషులందరూ సమానులని, స్త్రీని ఆటబొమ్మగా కాక కష్టసుఖాలలో సహచరిగా చూడవలెనని అందులో బోధించినాడు. ఆడిన మాట నిలబెట్టుకొనడం ‘హియ’ గలవాని లక్షణంగా చెప్పినాడు. ఎదురు చెప్పలేని జాతి అన్న పేరు ఈ ప్రజలకు ఎట్లు అంటుతుంది?

మేము, మనము

ఈ విలువలన్నింటికీ అడుగున ఒకే మాట ఉన్నదని ఎన్రీకెజ్ సిద్ధాంతం. అది ‘కప్వ’. నిఘంటువులలో దానికి ‘తోటివాడు’ అని అర్థం. కాని తోటివాడు అన్నప్పుడు మన మనస్సులో నేను ఒకడిని, అతడు మరొకడు అన్న భేదం ముందుగా నిలుస్తుంది. ‘కప్వ’లో ఆ భేదానికి ముందే ఉన్న ఏకత్వం ధ్వనిస్తుంది. నేనూ నీవూ పంచుకొన్న ఒకే మనిషితనం అది. తగలోగ్ సమాజం మనుషులను పరాయివారు, పరాయివారు కానివారు అని రెండు తరగతులుగా చూస్తుంది. మర్యాదలోనూ చనువులోనూ ఆ తేడా పాటిస్తుంది. కాని ఆ ఇరువురూ ‘కప్వ’ పరిధిలోని వారే.

ఇంగ్లీషువానికి ఈ సంగతి వివరించడానికి చాలా మాటలు కావలెను. తెలుగువానికి రెండు మాటలు చాలును: మేము, మనము. ‘మేము భోజనం చేస్తాము’ అంటే ఎదుటివాడు ఆకలితో నిలబడవలసినదే. ‘మనము భోజనం చేద్దాం’ అంటే అతనికి కూడ విస్తరి పడుతుంది. తగలోగ్ భాషలో కూడ సరిగా ఇదే భేదం ఉన్నది: మేము అనడానికి ‘కమి’, మనము అనడానికి ‘తాయో’. మూడువందల యేండ్లకు పైగా పాలించిన స్పానిష్ భాషలో గాని, తరువాత వచ్చిన ఇంగ్లీషులో గాని ఈ తేడా లేదు. పాలకుల భాషలకు అందని ఈ ‘మనము’ అన్న మాటలోనే ‘కప్వ’ సారాంశం ఇమిడి ఉన్నదని చెప్పవచ్చును.

ఇట్టి సామ్యాలు మరికొన్ని ఉన్నవి. మనము మాట చివర ‘అండీ’ చేర్చినట్లు వారు పెద్దలతో మాట్లాడేటప్పుడు ‘పో’ అన్న చిన్న మాట చేరుస్తారు. పరిచయం లేని వ్యక్తిని కూడ ‘కూయ’ అని, ‘ఆతె’ అని పిలుస్తారు. మన అన్నా, అక్కా వంటివే అవి. పెద్దల చేయి అందుకొని తమ నుదుటికి తాకించుకొని ఆశీస్సు పొందుతారు. ఇక సంస్కృతం నుండి మలయ, జావా భాషల మీదుగా ఆ ద్వీపాలు చేరిన మాటలు నేటికీ వాడుకలో ఉన్నవి. ‘ముఖ’ అంటే ముఖమే. ‘ఆస’ అంటే ఆశే. ‘సాక్సి’ సాక్షి. ‘బుధి’ అంటే వారి భాషలో అంతరాత్మ. ‘దుఖ’ అంటే పేదవాడు. దుఃఖానికి వారు కనిపెట్టిన అర్థం అది. ‘గురో’ అంటే ఉపాధ్యాయుడు. వైద్యవిద్య కోసం దావావో వంటి నగరాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థులు తరగతిగది బయట మొదట గుర్తుపట్టదగిన మాట ఇదే.

‘కప్వ’ భావం కంటికి కనబడే రూపం ‘బయనీహన్’. ‘బాయన్’ అంటే ఊరు, దేశం. ‘బయాని’ అంటే వీరుడు. వాటితో చుట్టరికం గల మాట అది. పల్లెలో ఒక కుటుంబం ఇల్లు మార్చవలసి వస్తే సామాను మాత్రమే కాదు, వెదురుతో, నీప తాటాకుతో కట్టిన ఇంటినే కదిలించేవారు. ఇంటి క్రింద పొడవైన వెదురుగడలు దూర్చి కట్టి, ఊరి మగవారందరూ భుజాన ఎత్తుకొని క్రొత్త చోటికి మోసుకొనిపోయేవారు. కూలి లేదు. ఇంటివారు పెట్టిన భోజనం అందరూ కలిసి తినడమే ముగింపు. సిమెంటు ఇళ్ళు వచ్చిన తరువాత ఆ దృశ్యం అరుదైనది. ఆ మాట మాత్రం మిగిలి, వరదలలో, తుఫానులలో ఒకరికొకరు సాయపడినప్పుడల్లా వినబడుతూనే ఉన్నది.

సంకెల అయ్యే ఋణం

ఇంతవరకు చెప్పినది వెన్నెల పక్షం. ఈ విలువలకు చీకటి పక్షం కూడ ఉన్నది. దానిని దాచిపెట్టడం విద్యార్థులకు మేలు చేయదు.

స్పెయిన్ రాక నాటికే తగలోగ్ సమాజంలో ‘అలిపిన్’ అనే తరగతి ఉండేది. అప్పు తీర్చలేక ఊడిగానికి దిగినవారు అందులో ఉండేవారు. ఆ ఊడిగం బిడ్డలకు సంక్రమించేది. 1589లో హువాన్ దె ప్లసెన్సియా అనే సన్యాసి ఆ ఆచారాలను వివరంగా వ్రాసిపెట్టినారు. ఆ వెలుతురులో చూస్తే, నమ్వరాన్ బిడ్డలు ఆ రాగిరేకును ఎంత భద్రంగా దాచుకొని ఉంటారో ఊహించవచ్చును. బంగారం అప్పు మనిషిని బానిసను చేయగలిగినప్పుడు, అంతరంగ ఋణం మాత్రం చేయలేదా?

చేయగలదు, చేసినది కూడ. పెండ్లికి, పిల్లల జ్ఞానస్నానానికి ఊరి పెద్దను జ్ఞానపితగా పిలవడం కతోలిక మతంతో వచ్చిన ఆచారం. ఆ పెద్ద భూస్వామియో, రాజకీయ నాయకుడో అయితే ఆ చుట్టరికం ఎన్నికలనాడు అక్కరకు వస్తుంది. ఆస్పత్రి ఖర్చు భరించినవానికి, కొడుకుకు ఉద్యోగం ఇప్పించినవానికి ఓటు వేయకపోతే కృతఘ్నత అవుతుందన్న భయం పేదవానిని పట్టుకొంటుంది. సాయం చేసిన డబ్బు ప్రభుత్వానిదే అయినా, ఋణం మాత్రం నాయకుని ఖాతాలో పడుతుంది. కొన్ని కుటుంబాలు తరతరాలుగా అధికారంలో నిలవడానికి గల కారణాలలో ఇది ఒకటి. ఈ సంగతి చదివే తెలుగువారు తమ ఊరి వైపు ఒకసారి తొంగిచూచుకొంటే తప్పులేదు.

కుటుంబంలో కూడ ఈ ఋణం బరువైనదే. 1974 నాటి కార్మిక చట్టం తరువాత విదేశాలలో పనికి పోవడం ఆ దేశంలో ప్రభుత్వ విధానమైనది. ఓడలలో నావికులుగా, ఆస్పత్రులలో నర్సులుగా, పరుల ఇండ్లలో పనివారుగా లక్షలాది మంది వెళ్ళినారు. నేడు వారు ఏటా ఇంటికి పంపే ధనం మూడువేల కోట్ల డాలర్లకు పైబడినది. 1988లో నాటి అధ్యక్షురాలు కొరాజోన్ అకీనో వారిని నవవీరులని కీర్తించినారు. కీర్తనతో బరువు తగ్గదు. చెల్లెలి చదువు, తమ్ముని పెండ్లి, తల్లి మందులు అన్నీ ఒక్క అక్క భుజం మీద ఉంటాయి. తాను ఎప్పుడు తిరిగి వచ్చేది, తనకంటూ ఏమి మిగిలేది అని ఆమె అడగలేదు. అడిగితే కనిపెంచినవారి ఋణం మరచినదంటారు. గల్ఫు దేశాలకు వలసపోయినవారి ఉత్తరాల కోసం ఎదురుచూచిన కరీంనగరం, నిజామాబాదు పల్లెలకు ఈ అక్క క్రొత్త మనిషి కాదు.

అంతరంగ ఋణాన్ని వదలుకోవలెనా మరి? అక్కడి ఆలోచనాపరులలో కొందరు ఆ మాటే అన్నారు. ఎన్రీకెజ్ మార్గం వేరు. ‘కప్వ’ నుండి తెగిపోయిన ఋణమే సంకెల అవుతుందని ఆయన బోధనలోని ధ్వని. ఇద్దరూ సమానులైన మనుషులన్న ఎరుక ఉన్నంతవరకు ఋణం అనుబంధం. ఒకడు ఎల్లప్పుడూ ఇచ్చేవాడుగా, మరొకడు ఎల్లప్పుడూ చేయి చాచేవాడుగా మిగిలిననాడు, ఆ మాటే ఉంటుంది గాని లోపలి అందం ఉండదు. మేలు చేసి దానిని గుర్తుచేసేవాడు ఆ సంప్రదాయంలోనే దోషి. ఎందుకనగా అంతరంగ ఋణం పుచ్చుకొన్నవాడు తలచుకొనవలసినదే గాని, ఇచ్చినవాడు వసూలు చేసుకొనవలసినది కాదు.

లెక్క వ్రాయని బండి

ఈ ఎరుక పుస్తకాలకే పరిమితం కాదని ఇటీవలి చరిత్ర రెండుసార్లు చూపించినది. 1972లో అధ్యక్షుడు ఫెర్దినాంద్ మార్కోస్ సైనిక శాసనం విధించినాడు. 1986 ఫిబ్రవరి 22 నుండి 25 వరకు నాలుగు రోజులు మనీలాలోని ఎద్సా రాజమార్గం మీద లక్షలాది జనం నిలిచినారు. తిరుగబడిన సైనికులకు అన్నం పెట్టి కాపాడవలెనని మతాధిపతి రేడియోలో కోరగా, ఇంటింటి నుండి అన్నమూ నీళ్ళూ వచ్చినవి. ఎదురుగా వచ్చిన టాంకుల ముందు సన్యాసినులు జపమాలలతో మోకరిల్లినారు. తమ మీదికి వచ్చిన సైనికునికి కూడ పువ్వులూ రొట్టెలూ అందించినారు. శత్రువును ‘మనము’లోకి పిలిచిన ఆ నాలుగు రోజుల పిదప మార్కోస్ దేశం విడిచిపోయినాడు. ఆ తరువాతి రాజకీయాలు ఆ ఆశలన్నింటినీ నిలబెట్టలేదు. 2022లో అతని కుమారుడే అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. అయినా ఆ నాలుగు రోజులు జరిగినవన్న సత్యం చెరిగిపోదు.

రెండవది ఇంకా చిన్నది, ఇంకా దగ్గరిది. 2021 ఏప్రిల్ మాసంలో, కరోనా వ్యాధి వలన పనులు నిలిచిపోయి పేదలు అలమటిస్తున్నప్పుడు, కెజోన్ నగరంలోని మగిన్‌హావ వీధిలో ఒక యువతి చిన్న వెదురుబండి నిలిపి అందులో బియ్యం, కూరగాయలు, డబ్బా ఆహారం పెట్టినది. చేతనైనంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి అన్న అర్థంలో ఒక అట్టముక్క మీద వ్రాసి తగిలించినది. కాపలా లేదు, పేర్ల పట్టిక లేదు. రైతులు చిలగడదుంపలు, జాలరులు చేపలు తెచ్చి ఇచ్చినారు. కొద్దిరోజులలోనే దేశమంతటా అట్టి బండ్లు వందలాదిగా వెలసినవి. దీని వెనుక ఏదో కుట్ర ఉన్నదని అధికారులలో కొందరు అనుమానించగా, మొదటి బండి ఒకరోజు ఆగిపోయి తిరిగి సాగినది.

ఆ బండి దగ్గర తీసుకొన్నవాడు ఎవరికి ఋణపడినాడు? ఇచ్చినవాని ముఖం అతనికి తెలియదు. నాయకుని ఫోటో లేదు, చేతులు కట్టుకొని నిలబడవలసిన గుమ్మం లేదు, రాబోయే ఎన్నికలలో చెల్లించవలసిన ఓటు లేదు. అయినా ఋణం ఉన్నది. నిన్న బియ్యం తీసుకొన్నవాడు, పని దొరికిన తరువాత నాలుగు గ్రుడ్లు తెచ్చి అక్కడ పెడితే దానికి చెల్లు అవుతుంది. ఆ గ్రుడ్లు చేరేది అతనికి మేలు చేసినవానికి కాదు, అతనివలె ఆకలిగొన్న మరొకనికి.

లగూనా సరస్సు ఒడ్డున దొరికిన రాగిరేకు నేడు మనీలాలోని జాతీయ వస్తుప్రదర్శనశాలలో ఉన్నది. బడిపిల్లలు దానిని చూచి పోతుంటారు. నమ్వరాన్ బంగారం బాకీ కొట్టివేసిన సంగతి వారికి చెప్పేది వారి ‘గురో’. కొట్టివేయగల బాకీ ఏది, కొట్టివేయరాని ఋణం ఏది అన్న వివేకం కూడ వారికి చెప్పవలసినది ఆ ‘గురో’యే. ఆ పాఠం ఏ దేశపు తరగతిగదిలోనైనా చెప్పదగినదే.